అత్తమ్మ నడకతో విశాఖ యాత్ర

మాది శంషాబాద్ పక్కన సాతంరాయి. బెంగళూరు హైవే మీది ఊరు. 2008లో ఎయిర్‌పోర్టు తెరిచినప్పటి నుంచి ఎక్కడెక్కడి వాళ్ళో మా ఊరి ముందర నుంచే దేశాలు తిరిగి వస్తున్నారు. మా అత్తమ్మ, మామయ్య మాత్రం సముద్రం చూసి ఎరగరు. వాళ్ళకు తెలిసిన పెద్ద నీళ్ళంటే 1927లో కట్టిన హిమాయత్ సాగర్. అది నిండి గేట్లు ఎత్తారంటే చుట్టుపక్కల ఊళ్ళ జనమంతా పోయి చూసి వస్తారు. మొన్నటి చలికాలంలో ఇంటిల్లిపాదీ విశాఖపట్నం పోదామని నేనే పట్టుబట్టాను. అత్తమ్మ, మామయ్య, మేమిద్దరం, మరిది, యారాలు, నలుగురు పిల్లలు. అత్తమ్మకు డెబ్బై దాటాయి, అందరికన్నా చిన్నోడికి నాలుగేళ్ళు.

మూడు తరాలు కలిసి తిరగాలంటే విశాఖకు మించిన ఊరు మన దగ్గర లేదని నా నమ్మకం. సముద్రం, కొండ, గుడి, ఓడలు, పాత కోటల కాలపు ఊళ్ళు అన్నీ ఒక్క పూట ప్రయాణంలోనే దొరుకుతాయి. ఎవరి కోరిక వాళ్ళకు తీరుతుంది. అయితే ఎవరి కాళ్ళ వేగంతో తిరగాలన్నది బయల్దేరే ముందే తేల్చుకోవాలి. మేం అత్తమ్మ మోకాళ్ళను బట్టి నడవాలనుకున్నాం. పొద్దున ఒక్క చోటు, సాయంత్రం ఒక్క చోటు, మధ్యాహ్నం తిండి, నిద్ర. అంతే.

ఎయిర్‌పోర్టు పక్కనే ఉండి రైలెందుకని చుట్టాలు అడిగారు. ఇంతమందికి విమానం ఖర్చు ఒకటైతే, పెద్దవాళ్ళు కాళ్ళు చాపుకుని రాత్రంతా పడుకుని పోవచ్చన్నది ఇంకొకటి. 2023 సంక్రాంతి నాడు మొదలైన వందే భారత్ సికింద్రాబాద్ నుంచి ఎనిమిదిన్నర గంటల్లో విశాఖ చేరుస్తుంది కానీ, అన్ని గంటలు కూర్చునే పోవాలి. నడుము నొప్పి ఉన్నవాళ్ళకు బెర్తులున్న రాత్రి రైలే మేలు.

టికెట్ల దగ్గర చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అరవై నిండిన మగవాళ్ళకూ, నలభై ఐదు నిండిన ఆడవాళ్ళకూ రైల్వేలో కింది బెర్తుల కోటా ఉంది. ఒంటరిగా గానీ, ఇద్దరే గానీ ఒక టికెట్ మీద పోతేనే అది వర్తిస్తుంది. కొడుకులు, కోడళ్ళు, మనవలతో కలిపి ఒకే టికెట్ తీస్తే ఆ కోటా దక్కదు. అందుకని అత్తమ్మ, మామయ్యల టికెట్ విడిగా తీశాం. ఐదేళ్ళ లోపు పిల్లలకు బెర్తు అడగకపోతే టికెట్ అక్కర్లేదు. రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందే తెరుస్తారు. పండగ ప్రయాణమైతే ఆ రోజే తీసుకోవాలి.

విశాఖ తూర్పు తీరం కాబట్టి పొద్దు సముద్రంలోంచే పొడుస్తుంది. పెద్దవాళ్ళు ఎలాగూ నాలుగింటికే లేస్తారు. అందుకని మా ఇంట్లో పొద్దుపొడుపు వాళ్ళ వంతు అయింది. రామకృష్ణా బీచ్‌లో అత్తమ్మ మొదట మాట్లాడలేదు. కాసేపటికి, "అవతలి ఒడ్డు కనవడదా బిడ్డా?" అని అడిగింది. కనపడదని చెప్తే రెండు చేతులూ జోడించింది. దూరంగా రేవులోకి పోయే వంతు కోసం ఆగిన ఓడలను పిల్లలు లెక్కపెట్టారు. దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డు నిలబడి గాలివానల నుంచి రేవును కాస్తుంది. 1933లో తెరిచిన ఆ ఓడరేవు చుట్టూనే ఈ నగరం ఇంతగా పెరిగింది.

మామయ్య గగన్‌పహాడ్ వైపు లేత్ మిషన్ల మీద బతుకంతా పని చేసినాయన. ఆయన వంతు కురుసుర జలాంతర్గామి. సోవియట్ దేశంలో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధకాలంలో పనిచేసింది. 2001లో విరమించాక ఒడ్డుకు లాగి, 2002లో మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు. లోపల మనిషి వంగి దాటాల్సిన గుండ్రటి ద్వారాలున్నాయి. మోకాళ్ళు సహకరించని వాళ్ళు బయట ఆగడమే మంచిది. అత్తమ్మ, యారాలు, చిన్నోడు బీచ్ గోడ మీద మొక్కజొన్న కంకులు తింటూ కూర్చున్నారు. ఎవరినీ ఒంటరిగా వదలకూడదన్నది మా కట్టుబాటు.

లోపల ఇంజన్ గదిలో మామయ్య మనవలను నిలబెట్టి చెప్పారు: "డీజిల్ ఇంజన్ నడవాలంటే గాలి కావాలె. నీళ్ళ లోపల గాలేది? అందుకే పైకొచ్చినప్పుడు ఇంజన్లతోని బ్యాటరీలు నింపుకుంటది, మునిగినంక ఆ బ్యాటరీల మీద నడుస్తది." పదో తరగతి చదివే మా అమ్మాయి ఆయనను అంత శ్రద్ధగా వినడం నేను మొదటిసారి చూశాను. ఇంట్లో ఒక మూల కూర్చునే తాత అక్కడ వాళ్ళకు ఇంజనీరు అయ్యాడు. మ్యూజియానికి సోమవారం సెలవు, గుర్తుంచుకోండి.

సింహాచలం అత్తమ్మది. మెట్లెక్కనక్కర్లేదు, కొండ మీదికి బస్సులున్నాయి. యాదగిరిగుట్ట నరసింహస్వామిని కొలిచే ఆమెకు వరాహ లక్ష్మీనరసింహుడు ఏడాదంతా చందనం కింద ఉండి, అక్షయ తృతీయ నాడే నిజరూపం చూపుతాడని తెలిసి ఆశ్చర్యం. గుడిలో 11వ శతాబ్దపు కులోత్తుంగ చోళుని కాలపు శాసనం ఉంది. 1516లో కృష్ణదేవరాయలు వచ్చి కానుకలిచ్చిన సంగతీ శాసనాల్లో ఉంది. మా అమ్మాయి పుస్తకంలో చదివిన రాజూ, నాయనమ్మ మొక్కే దేవుడూ ఒకే గుడిలో కలిశారు.

పిల్లలది భీమిలి, అంటే భీమునిపట్నం. బీచ్ రోడ్డు వెంట పోతుంటే ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండలు. దారిలో ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. వేల ఏళ్ళుగా గాలి, నీరు కలిసి మలిచినవి. వాటికి జాతీయ భూవారసత్వ గుర్తింపు ఉంది కాబట్టి తవ్వి ఆడకూడదని పిల్లలకు ముందే చెప్పాం. భీమునిపట్నంలో డచ్చివాళ్ళ సమాధులున్నాయి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరది. గోస్తని నది అక్కడే సముద్రంలో కలుస్తుంది. బొర్రా గుహల దగ్గర పారేదీ ఆ గోస్తనే.

ఒక హెచ్చరిక. చెరువుల్లో ఈదిన ధైర్యం సముద్రం దగ్గర పనికిరాదు. రామకృష్ణా బీచ్‌లో లోపలికి లాగే ప్రవాహాలుంటాయి, ఎందరో కొట్టుకుపోయారు. పాదాలు తడుపుకోవడం వరకే. పిల్లలకు ఒక్కొక్కరికి ఒక పెద్దను అప్పగించండి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరినే తాకింది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు మేలు.

అరకు పోలేదు, కైలాసగిరి చూడలేదు అని ఊళ్ళో కొందరు ఇప్పటికీ అంటారు. చూసినవన్నీ అందరం కలిసి చూశాం, నాకు అది చాలు. మీ ఇంట్లో సముద్రం చూడని పెద్దవాళ్ళుంటే వచ్చే ఏటికి వాయిదా వేయకండి. వాళ్ళ మోకాళ్ళు ఆగవు. ఈ చలికాలానికే వాళ్ళ టికెట్ ముందుగా, విడిగా తీయండి. మీ టికెట్లు ఆ తర్వాత చూసుకోవచ్చు.