శిక్ష ముగిసినా.. చెరగని నమోదు
జరిమానా కట్టినా దోషిగా తేలినట్లే
ఏ హక్కు ఎప్పుడు తిరిగి వస్తుందంటే..

ఊళ్లో గట్టు తగాదా కొట్లాటగా మారుతుంది. ఇరువర్గాలపైనా కేసు నమోదవుతుంది. ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగలేక నేరం ఒప్పుకుని, జరిమానా చెల్లించి ‘పీడ విరగడైంది’ అనుకునేవారు పల్లెల్లో కనిపిస్తుంటారు. సర్కారు కొలువుకు ఎంపికై, పోలీసు విచారణ మొదలైన నాడు గానీ ఆ రసీదు విలువ తెలిసిరాదు. చట్టం దృష్టిలో అది శిక్ష పడిన కేసే.

రాజీ వేరు.. ఒప్పుకోలు వేరు
రాజీకి చట్టం అనుమతించే కేసుల్లో ఇరుపక్షాలు కోర్టు ద్వారా కేసు పరిష్కరించుకుంటే నిందితుడు నిర్దోషిగా విడుదలైనట్లే. నేరం అంగీకరిస్తే మాత్రం దోషిగా నమోదవుతుంది. పెద్దల విషయంలో గడువు తీరగానే ఆ నమోదును తుడిచివేసే సాధారణ చట్టమేదీ దేశంలో లేదు.

హక్కులకు వేర్వేరు గడువులు
ఓటు: జైలులో ఉన్నంతకాలం ఓటు వేయడం కుదరదు. విడుదలైతే మళ్లీ వేయవచ్చు. బెయిలుపై బయట ఉన్నవారికీ అడ్డంకి లేదు. ఎన్నికల నేరాలకు మాత్రం నిబంధనలు వేరు.

పాస్‌పోర్టు: నైతిక పతనంతో కూడిన నేరంలో కనీసం రెండేళ్ల శిక్ష పడితే, ఆ తీర్పు వెలువడిన ఐదేళ్లలోపు చేసుకున్న దరఖాస్తును అధికారులు తిరస్కరిస్తారు. కేసు పెండింగులో ఉంటే కోర్టు అనుమతి అవసరం.

చట్టసభలకు పోటీ: రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడినవారు తీర్పు రోజు నుంచే అనర్హులు. విడుదలయ్యాక మరో ఆరేళ్లు ఆ అనర్హత కొనసాగుతుంది. అప్పీలు వేసిన సభ్యులకు ఉన్న వెసులుబాటును సుప్రీంకోర్టు 2013 జులైలో కొట్టివేసింది. బెయిలు వస్తే చాలదు, దోషిగా తేల్చిన తీర్పుపైనే స్టే రావాలి. 2023లో రాహుల్‌గాంధీ లోక్‌సభ సభ్యత్వం తిరిగి దక్కింది అటువంటి స్టేతోనే.

దాస్తే మొదటికే మోసం
ఉద్యోగ దరఖాస్తులో కేసుల వివరాలు అడిగితే నిజమే రాయాలని 2016లో అవతార్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చిన్న వయసులో నినాదాలు చేయడం వంటి స్వల్ప నేరమైతే యాజమాన్యం మన్నించే వీలుంది. దాచిపెట్టి దొరికితే ఉద్యోగానికే ముప్పు.

మినహాయింపులూ ఉన్నాయి
1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మందలింపుతోనో, సత్ప్రవర్తన బాండుతోనో కోర్టు విడిచిపెడితే, ఆ తీర్పు కారణంగా చట్టపరమైన అనర్హతలు అంటవు. అయినా అడిగినచోట కేసు సంగతి చెప్పాల్సిందే. 18 ఏళ్లలోపు బాలలకు 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం మరింత రక్షణ కల్పించింది. అప్పీలు గడువు ముగిశాక వారి రికార్డులను ధ్వంసం చేయాలి. పదహారేళ్లు నిండి, ఘోర నేరంలో పెద్దవారితో సమానంగా విచారణ ఎదుర్కొన్నవారికి ఇది వర్తించదు.

ఒప్పుకునే ముందే..
నేరం అంగీకరించే ముందే రాజీకి వీలుందా, ప్రొబేషన్ కోరవచ్చా అని న్యాయవాదిని అడగడం మేలు. మహిళలు, బాలలు, ఎస్సీ, ఎస్టీలు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని సమకూరుస్తుంది. ఫోన్ నంబరు 15100.