గునుగు పువ్వు ఎందుకు వాడదు?

పెత్రమాస నాడు హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మల్ని గమనించండి. సాయంత్రానికి గుమ్మడిపూలు సొమ్మసిల్లిపోతాయి. గునుగు మాత్రం నిక్కబొడుచుకునే ఉంటుంది. ఎందుకు?

గుమ్మడి రేకుల్ని నిలబెట్టేది లోపలి నీరే. కోశాక అది ఆవిరైపోతుంది, రేకు వేలాడిపోతుంది. గునుగు కంకిని వేళ్లతో నలిపి చూడండి: కాగితంలా గరగరలాడే పొలుసులు రాలతాయి. మనం రేకులనుకునేవి అవే. మొక్కమీద ఉన్నప్పుడే వాటిలో నీరు తక్కువ, ఇక వాడటానికేముంది! అందుకే కొసలు సమంగా కత్తిరించి, కట్టకట్టి, రంగునీళ్లలో ముంచినా ఆకారం చెడదు.

మరి సాగు ఎలా? మామూలుగా దీన్ని ఎవరూ విత్తరు. కంకిలోని నల్లటి, మెరిసే సన్న విత్తనాలు రాలి, వానలకు పత్తి, మక్క చేలల్లో వాటంతటవే మొలుస్తాయి. రైతుకది కలుపు. లేతాకు కూరకు పనికొస్తుంది. తోటకూర కుటుంబమే కదా. బతుకమ్మ రోజుల్లో మాత్రం అదే కలుపు మార్కెట్లో కట్టలుగా అమ్ముడుపోతుంది.

దీని దగ్గరి చుట్టం కోడిజుట్టు పువ్వునైతే చాలా దేశాల్లో కాడలతో కోసి అమ్మడానికే నారుపోసి పెంచుతారు. గునుగుకు వరంగల్ ఎండే ఇష్టం.