చాదస్తం కాదు, జబ్బు



నేను ఈ హాస్టల్లోనే ఉండి 10వ తరగతి వరకు చదువుకున్నాను. ప్రస్తుతం ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగంలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడగగానే నాకు మా గదిలోని ఒక మిత్రుడు గుర్తుకొచ్చాడు.

కాస్మెటిక్ ఛార్జీలతో నెలకని కొనుక్కున్న సబ్బు వాడికి వారం కూడా వచ్చేది కాదు. తెల్లవారుజామున 4 గంటలకే కుళాయి దగ్గర ఉండేవాడు. అన్నం బెల్లు కొట్టినా చేతులు కడుగుతూనే ఉండేవాడు. వేళ్ళ సందులు పగిలి రక్తం వచ్చేది. రాత్రి ట్రంకుపెట్టె తాళం పదిసార్లు లాగి చూసేవాడు. వాడికి 'పంతులు' అని పేరు పెట్టింది నేనే. హాస్టలంతా అదే పేరుతో పిలిచింది. పబ్లిక్ పరీక్షలకు రెండు నెలల ముందు వాడు పెట్టె సర్దుకొని ఊరికి వెళ్ళిపోయాడు. అది జబ్బని మాలో ఎవరికీ తెలియదు.

ఓసీడీ అంటే ఏమిటి?

ఇష్టం లేకుండానే ఒక ఆలోచన మనసులోకి పదే పదే వస్తుంది. 'చేతికి మురికి అంటింది', 'తాళం సరిగా పడలేదు', 'నా వల్ల అమ్మకు ఏదో అవుతుంది' వంటివి. కొందరికి దేవుడి మీద చెడ్డ ఆలోచనలు వస్తాయి. అవి తమ ఇష్టంతో వచ్చినవి కావు కనుకనే వారు సిగ్గుతో కుమిలిపోతారు. ఆ భయం తగ్గడానికి కడగడం, సరిచూడడం, లెక్కపెట్టడం, రాసింది చెరిపి మళ్ళీ రాయడం చేస్తారు. కాసేపు ఊరట కలుగుతుంది. భయం మళ్ళీ వస్తుంది. ఇది రోజుకు గంటకు మించి సమయం తింటున్నా, చదువుకు అడ్డమవుతున్నా డాక్టరుకు చూపించాలి.

శుభ్రంగా ఉండేవాడికి శుభ్రతలో సంతోషం ఉంటుంది. ఈ రోగికి ఉండేది బాధ. 2017లో వచ్చిన 'మహానుభావుడు' సినిమా చూసి మనమంతా నవ్వుకున్నాం. నిజ జీవితంలో ఇందులో నవ్వడానికేమీ లేదు.

వెంట్రుకలు పీక్కోవడం, చర్మం గిల్లుకోవడం, పనికిరానివి కూడా పారేయలేక పోగుచేయడం, లేని లోపం ముఖంలో ఉందని అద్దం ముందు కుమిలిపోవడం కూడా ఈ కుటుంబంలోని జబ్బులే.

ఎవరికి వస్తుంది?

100 మందిలో 1 నుండి 3 మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు రావచ్చు. ఎక్కువగా చిన్నతనంలోనో, 20 ఏళ్ళ ప్రాయంలోనో మొదలవుతుంది. వంశపారంపర్యం కొంత కారణం. మెదడులోని కొన్ని భాగాల మధ్య సందేశాలు నడిచే తీరులో తేడా ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. గాలి సోకడమూ కాదు, పొగరూ కాదు.

చికిత్స ఉందా?

తప్పకుండా ఉంది. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే మానసిక శాస్త్రవేత్త ఒక కొత్త పద్ధతి ప్రకటించారు. భయపడే వస్తువును రోగి చేత ముట్టించి, వెంటనే కడుక్కోకుండా ఆపడమే ఆ పద్ధతి. కడగకపోయినా భయం మెల్లగా తగ్గుతుందని మనసు నేర్చుకుంటుంది. శిక్షణ పొందినవారి సాయంతో చిన్న భయంతో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా వెళ్ళాలి. బలవంతం పనికిరాదు. పిల్లలకు సాధారణంగా ముందు ఈ చికిత్సే ఇస్తారు.

అవసరమైతే ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రాలిన్ వంటి మందులు డాక్టరు ఇస్తారు. గుణం పూర్తిగా తెలియడానికి 8 నుండి 12 వారాలు పట్టవచ్చు. తగ్గింది కదా అని సొంతంగా ఆపకూడదు. మొదటి వారాల్లో పిల్లలు, యువకులు మరీ దిగులుగా ఉన్నా, చనిపోవాలనే మాటలు మాట్లాడినా వెంటనే డాక్టరుకు చెప్పాలి.

మనమేం చేయాలి?

1. పేర్లు పెట్టి ఏడిపించకూడదు.
2. 'తాళం పడిందా?' అని పదిసార్లు అడిగితే పదిసార్లు 'పడింది' అనకూడదు. ఆ జవాబు కూడా జబ్బుకు మేతే. 'నీ భయం నాకు తెలుసు, కాసేపు ఆగుదాం' అని పక్కన కూర్చోవాలి.
3. వార్డెన్ గారికి చెప్పి జిల్లా ఆసుపత్రిలో చూపించాలి. విశాఖపట్నంలో, హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి. 2022లో ప్రారంభమైన టెలిమానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

నర్సింగ్‌లో ఈ పాఠం వింటున్న రోజు నాకు వాడి చేతులే కళ్ళ ముందు కదిలాయి. సెలవు పెట్టి వాడి ఊరు వెళ్ళి, ఆసుపత్రికి తీసుకువచ్చాను. అప్పటికి ఆరేళ్ళు పోయాయి. మొదటి రోజు కుళాయి ముట్టి, కడుక్కోకుండా పది నిమిషాలు కూర్చోవడానికి వాడికి చెమటలు పట్టాయి. తర్వాత ఓపెన్ స్కూల్లో 10వ తరగతి పాసయ్యాడు. ఇప్పుడు మోటార్లు బాగుచేసే షాపు నడుపుతున్నాడు. ఎప్పుడైనా తాళం రెండోసారి చూస్తాడు, మూడోసారి చూడడు.

ఆ ఆరేళ్ళు వాడికి నేను తిరిగి ఇవ్వలేను. తమ్ముళ్ళారా! మీ గదిలో సబ్బు తొందరగా అరగదీసేవాడు ఉంటే ఒక్కసారి వాడి చేతులు చూడండి. పరీక్షల లోపే వార్డెన్ గారికి చెప్పండి.

- ఒక పూర్వ విద్యార్థి