మీకు తెలుసా? రాబిన్సన్ కంటే ముందే వాకర్!

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో తొలి నల్లజాతి ఆటగాడంటే చాలామంది చెప్పే పేరు జాకీ రాబిన్సన్. 1947లో బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున బరిలోకి దిగాడు. కానీ అంతకు 63 ఏళ్ల ముందే, 1884లో, మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ టొలీడో జట్టుకు ఆడాడు.

వాకర్ క్యాచర్. బ్యాటర్ వెనక నిలబడి, పిచర్ విసిరే బంతుల్ని అందుకోవాలి. అప్పటికి ఇప్పటిలా మందపాటి గ్లవ్స్ లేవు. పైగా సొంత జట్టు పిచర్ టోనీ ములేన్, వాకర్ నల్లవాడని, ఎలాంటి బంతి వేయాలో సూచించే అతని సైగల్ని కావాలనే లెక్కచేసేవాడు కాదు. ఎలాంటి బంతి వస్తుందో తెలియకుండానే వాకర్ పట్టేవాడు! తాను కలిసి ఆడిన క్యాచర్లలో అతనే మేటి అని ములేన్ తర్వాతెప్పుడో ఒప్పుకున్నాడు. ఎంత ఆలస్యపు మెప్పు!

తమ్ముడు వెల్డీ కూడా అదే ఏడాది అదే జట్టుకు కొన్ని మ్యాచ్‌లు ఆడాడు. ఆ తర్వాత జట్ల యజమానులు రాతలో లేని కట్టుబాటుతో నల్లజాతివారిని దూరం పెట్టారు.