స్లాబులోని పడుగూ పేకా

సోలాపూర్ తూర్పు పేటల్లో ఇల్లు ఎక్కడ అయిపోయి కార్ఖానా ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. కింద సాంచాలు, పైన కాపురం, ఆ పైన నీళ్ళ ట్యాంకు. పంతొమ్మిదో శతాబ్దం నుంచీ తెలంగాణ జిల్లాల నుంచి బతుకుదెరువుకు వచ్చి స్థిరపడ్డ పద్మశాలీల పేటలివి. భౌగోళిక గుర్తింపు పొందిన సోలాపూర్ చాదరుకు పుట్టిల్లు. ఇలాంటి ఇంట్లో ఒకరోజు పైకప్పు నుంచి పెచ్చు ఊడి పడుతుంది, లోపల ఎర్రగా సలాక కనబడుతుంది. ‘ఇల్లు పాతబడింది, ఏం చేస్తాం’ అనుకుని మేస్త్రీని పిలిచి గిలాబు చేయిస్తారు, పైన సున్నం కొట్టిస్తారు. రెండు వానాకాలాలు తిరిగేసరికి అదే చోట ఇంకాస్త పెద్ద పెచ్చు రాలుతుంది. రోగానికి పేరు తప్పు పెట్టుకున్నాం గనుక మందూ తప్పుతోంది. ఈ పేటల్లో స్లాబును తినేది ఇంటి వయసు అనుకోవడం పొరపాటు. మనం చేజేతులా లోపలికి పంపుతున్న నీళ్ళూ ఉప్పూ దాన్ని తింటున్నాయి. మరమ్మతు అక్కడి నుంచే మొదలవ్వాలి.

నేతగాళ్ళకు స్లాబు సంగతి చెప్పడం తేలిక. అందులో సలాకలు పడుగు పేకల్లాగే ఉంటాయి. బరువు మోసేవి ఒక దిక్కు, వాటిని పట్టి ఉంచేవి అడ్డంగా. నొక్కుడు తట్టుకోవడం కాంక్రీటు వంతు, లాగుడు తట్టుకోవడం ఇనుము వంతు. ఆరుబయట పెడితే వారంలో తుప్పెక్కే ఇనుము కాంక్రీటులో దశాబ్దాలు చెక్కుచెదరకుండా ఉండటానికి కారణం సిమెంటులో పుట్టే సున్నం. కొత్త కాంక్రీటు పీహెచ్ 12.5 నుంచి 13 దాకా ఉంటుంది. అంత క్షారంలో ఇనుము మీద కంటికి ఆనని రక్షణ పొర ఒకటి ఏర్పడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ళ తరబడి మెల్లగా లోపలికి చొరబడి ఆ సున్నాన్ని సుద్దలా మార్చేస్తుంది. పీహెచ్ 9 దగ్గరికి పడిపోయాక పొర నిలవదు. అప్పటికీ స్లాబు పొడిగా ఉన్నంత కాలం పెద్ద ప్రమాదం లేదు. తడి తగిలితేనే కథ మారుతుంది. తుప్పు తాను తిన్న ఇనుము కన్నా రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు అడుగుతుంది. ఆ తోపుడుకి కాంక్రీటు లోపలి నుంచి చీలి పెచ్చుగా విడిపోతుంది.

తడీ ఉప్పూ అంటే సముద్రతీరం మాట కదా, దక్కను పీఠభూమి మీద ఎండకు మాడే సోలాపూర్‌కేం సంబంధం అని ఎవరైనా అడగవచ్చు. ప్రశ్న సరైనదే. ముంబయి ఇళ్ళకు ఆ బాధ గాలిలోనే వస్తుంది. ఇక్కడ వానలు అంతంతమాత్రం, తీరం వందల కిలోమీటర్ల దూరం. కానీ నల్లా నాలుగైదు రోజులకొకసారి వచ్చే ఊళ్ళో ప్రతి ఇల్లూ నీళ్ళు దాచుకోవాల్సిందే. ట్యాంకు పొంగినప్పుడల్లా, పైపు అతుకు కారినప్పుడల్లా, స్నానాల గది నేల చెమ్మ దింపినప్పుడల్లా కింది స్లాబుకు వేసవిలోనూ వానాకాలమే. ఇక సముద్రమంటారా, అది బస్తాల్లో వస్తుంది. రియాక్టివ్ రంగులతో నూలు అద్దేటప్పుడు రంగు దారానికి ఎక్కడానికి తొట్టిలో ఉప్పు వేస్తారు. ముదురు రంగులకైతే లీటరుకు 80 గ్రాముల దాకా, ఒక్కోసారి అంతకు మించి. సముద్రపు నీటిలో ఉండే ఉప్పు లీటరుకు సుమారు 35 గ్రాములే! ఆ నీళ్ళు నేల మీద చిందుతాయి, స్తంభాల మొదళ్ళు వాటిని పీల్చుకుంటాయి. ఉప్పులోని క్లోరైడు, సున్నం బలంగా ఉన్నచోట కూడా రక్షణ పొరకు చిల్లులు పెట్టగలదు. (ఉప్పు బదులు గ్లాబర్ సాల్ట్ వాడితే ఇనుముకు ఆ బెడద తగ్గుతుంది గానీ, అందులోని సల్ఫేటు నేరుగా కాంక్రీటునే పట్టుకుంటుంది.) అద్దకం లేని ఇంటికీ ఉప్పు చేరే దారి ఉంది. అది కట్టినప్పుడు వాడిన బోరు నీళ్ళు. ఇనుము వేసే కాంక్రీటు కలిపే నీళ్ళలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతోంది. నీళ్ళు పరీక్ష చేయించి స్లాబు వేసుకున్నవాళ్ళు ఎందరుంటారు? దానికి తోడు స్లాబు వేసేనాడు సలాకల మీద నడిచీ నడిచీ వాటిని సెంట్రింగు చెక్కకు ఆనించేస్తారు. కింద 20 మిల్లీమీటర్లు ఉండాల్సిన కాంక్రీటు ఐదో ఆరో మిగులుతుంది.

తుప్పును గుర్తుపట్టడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. గిలాబు ఎండి వచ్చే పగుళ్ళు సాలెగూడులా ఎటు పడితే అటు పోతాయి. తుప్పు పగుళ్ళు సలాక వెంటే, దారం పట్టి గీసినట్టు, జానెడు జానెడు దూరంలో తిన్నగా నడుస్తాయి. లోపలి పడుగు పైకప్పు మీద అచ్చు పడుతోందన్నమాట. ఎర్రటి మరకలు కనిపిస్తే అనుమానం బలపడినట్టే. చిన్న సుత్తితో తట్టి చూడాలి. గట్టి చోట ఖంగుమంటుంది, పొర విడిచిన చోట బీటలు వారిన కుండలా డొల్ల చప్పుడు వస్తుంది. ఆ డొల్ల చుట్టూ బొగ్గుతో గీత గీసుకుంటూ పోతే, ఊడిపడింది అరచేయంత, ఊడబోయేది చాపంత అని తెలుస్తుంది. ఇంకో పరీక్ష రంగులు తెలిసినవాళ్ళకు ముచ్చట గొలిపేది. అప్పుడే పగలగొట్టిన కాంక్రీటు అంచు మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే, సున్నం బతికున్న భాగం క్షణంలో ముదురు గులాబీ తిరుగుతుంది. గాలి తినేసిన బయటి పట్టీకి రంగు ఎక్కదు. రంగెక్కని పట్టీ సలాక దాకా వచ్చి ఉంటే నేరం గాలిదీ తడిదీ. చుట్టూ గులాబీగానే ఉండి సలాక మాత్రం అక్కడక్కడా గుంటలు పడి ఉంటే ఉప్పును అనుమానించాలి, కాంక్రీటు పొడి తీసి క్లోరైడు పరీక్షకు పంపాలి.

ఈ తేడా తేల్చకుండా పనిలోకి దిగితే డబ్బు వృథా. ఉప్పెక్కిన స్లాబులో ఊడినచోట మాత్రమే కొత్త కాంక్రీటు మెత్తితే, మెత్తిన చోటు బాగానే ఉంటుంది గానీ దాని చుట్టూ ఉంగరంలా కొత్త తుప్పు మొదలవుతుంది. అంతకుముందు ఆ ఒక్క చోటు తాను తినబడుతూ పక్క సలాకలను కాస్తూ వచ్చింది. ఇప్పుడు ఆ కాపలా పోయింది. కాబట్టి ఉప్పెక్కిన కాంక్రీటంతా తీసేయాలి, లేదా ఇనుముకు బదులు తాను కరిగే జింకు బిళ్ళలు సలాకలకు కట్టాలి. ఏ రకం తుప్పయినా మొదట కారే నీళ్ళు ఆపాలి, తర్వాత కింద జాకీలు నిలపాలి. చెక్కితే స్లాబు అదిరి ఇంకా పాడవుతుందని భయపడేవాళ్ళ మాటలో నిజముంది. జాకీలు అందుకే. దూలాలూ స్తంభాలూ అయితే ఇంజినీరు చూడకుండా ఉలి తగిలించకూడదు. మెరిసే ఇనుము కనబడేదాకా, సలాక వెనక వేలు దూరేంత సందు వచ్చేదాకా చెక్కి, తుప్పంతా వైరు బ్రష్షుతో గీకేసి కొలవాలి. 10 మిల్లీమీటర్ల సలాక 8కి అరిగితే కంటికి పెద్ద తేడా అనిపించదు గానీ, బలం మూడో వంతుకు పైగా పోయినట్టే. పక్కన కొత్త సలాక కట్టాలి, రెండు కొసలా పాత గట్టి ఇనుముతో చెరో అర మీటరు అతుకు ఉండాలి. ఆ పైన తుప్పు నిరోధించే పూత, పాలిమర్ కలిపిన మోర్టారు. గిలాబు చాలదా అనేవాళ్ళకు ఒక లెక్క: పదడుగుల చదరం గది కప్పుకు అర అంగుళం గిలాబంటే రెండు క్వింటాళ్ళ పైమాటే. చిక్కిపోయిన సలాకల నెత్తిన అదనపు మూట పెట్టినట్టవుతుంది.

డబ్బు మాట కొట్టిపారేసేది కాదు. కూలి లెక్కన బతికే కుటుంబం ఇంజినీరు ఫీజు, పాలిమర్ మోర్టారు అనగానే జంకుతుంది. డి సిట్టర్ అనే ఇంజినీరు 1984లో ఒక మోటు లెక్క చెప్పాడు: కట్టేటప్పుడు పెట్టని రూపాయి, తుప్పు మొదలవకముందు చూసుకుంటే ఐదు, మొదలయ్యాక ఇరవై ఐదు, ముదిరితే నూటపాతిక అవుతుందని. అంకెల దగ్గర పట్టుబట్టనక్కర్లేదు, వరస మాత్రం నిజం. పేదల కాలనీలకు ఒక వెసులుబాటూ ఉంది. బీడీలు చుట్టే మహిళల సహకార సంఘం సోలాపూర్ దగ్గరి కుంభారిలో కట్టిన పదివేల ఇళ్ళు 2006లో చేతికొచ్చాయి. అక్కడే రే నగర్ కాలనీలో 15,000 ఇళ్ళు 2024 జనవరి 19న ఇచ్చారు. ఈ ఇళ్ళలో ఎన్నో నేత కుటుంబాలవే. ఒకే కాలంలో ఒకే తీరున కట్టిన ఇళ్ళ జబ్బులూ ఒకే తీరున ఉంటాయి. ఒక వరసలో నాలుగిళ్ళ స్లాబులకు పరీక్ష చేయిస్తే మిగతా వరసకు ఏం చేయాలో చాలావరకు తేలుతుంది. ఇంజినీరు ఖర్చు ఇంటికింత అని పంచుకుంటే భారం అనిపించదు.

చివర్లో చాలామంది వదిలేసేది తడపడం. సోలాపూర్ ఎండకు కొత్త మోర్టారు ఒక్క మధ్యాహ్నంలో బీటలిస్తుంది. దూలానికి తడి గుడ్డ చుట్టి కనీసం ఏడు రోజులు, ఎండలు ముదిరితే పది రోజులు ఆరకుండా చూడాలి. ఆ పేటల్లో గుడ్డకు కొదవ లేదు, నీళ్ళకే ఇబ్బంది. అలాగని ఉప్పు బోరు నీళ్ళు పోస్తే తీసేసిన ఉప్పును మళ్ళీ ఎక్కించినట్టు. మేస్త్రీకి రమ్మని చెప్పేముందు నల్లా వచ్చే రోజు ఏదో చూసుకుని, మర్నాటికి పని పెట్టుకుని, రెండు డ్రమ్ములు దానికే పక్కన పెట్టాలి.