ఆర్క్ వెల్డింగ్ ఎలా పనిచేస్తుంది? ఉప్పు నీళ్ల బకెట్‌తో ఎందుకు చేయకూడదు?

"ఉప్పు నీళ్ల బకెట్‌తో ఇంట్లోనే వెల్డింగ్ మిషన్" అని తిరిగే వీడియోలు మీరూ చూసే ఉంటారు. అందులో రాడ్డు నిజంగానే మండుతుంది, ఇనుము నిజంగానే అతుక్కుంటుంది. మరి షాపువాళ్లు వేలు పోసి మిషన్ ఎందుకు కొంటున్నారు? దీనికి జవాబు తెలియాలంటే ముందు ఆర్క్ అంటే ఏంటో చూడాలి.

మిషన్ నుంచి రెండు లావు కేబుళ్లు వస్తాయి. ఒకటి హోల్డర్‌కి వెళ్తుంది, రాడ్డు బిగించేది అందులోనే. రెండోదాని చివర క్లాంప్ ఉంటుంది, దాన్ని అతికించాల్సిన ఇనుముకి పట్టిస్తాం. షాపుల్లో దీన్ని ఎర్త్ అంటారు. పేరుకి ఎర్త్ అంటారు గానీ, ఇది గొయ్యి తవ్వి వేసే ఎర్తింగ్ కాదు, కరెంటు తిరిగి మిషన్‌కి వెళ్లే దారి. తుప్పు మీదో, పెయింటు మీదో పెట్టారంటే ఆర్క్ సరిగ్గా నిలవదు.

ఇప్పుడు రాడ్డు మొనని అగ్గిపుల్ల గీసినట్టు ఇనుము మీద గీసి కొంచెం పైకి లేపుతాం. మధ్యలో రెండు మూడు మిల్లీమీటర్ల సందు వస్తుంది. మామూలుగా గాలిలోంచి కరెంటు పోదు కదా. కానీ ఇక్కడ ఆ వేడికి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి, ఆ సందులో ఉన్న గాలే తీగలా పనిచేస్తుంది. అదే ఆర్క్. ఉక్కు సుమారు 1500 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఆర్క్‌లో వేడి 3500 డిగ్రీల పైమాటే. అందుకే రెండు ముక్కల అంచులూ, రాడ్డు మొనా కలిసి కరిగి చిన్న మడుగులా అవుతాయి. చల్లారాక అదంతా ఒకటే ముక్క.

రాడ్డు మీద బూడిద రంగు పూత ఉంటుంది చూశారా, అది ఫ్లక్స్. అది కాలి పొగ కమ్ముకోవడం వల్ల బయటి గాలి ఆ మడుగుని తాకదు. తాకితే లోపల చిల్లులు పడతాయి. మిగిలిన ఫ్లక్స్ పైన పెంకులా గట్టిపడుతుంది, అది స్లాగ్. సుత్తితో కొట్టి రాల్చాకే రెండో వరస వేయాలి.

ఇక మిషన్ సంగతి. 10 గేజ్ రాడ్డు, అంటే 3.15 మిల్లీమీటర్లది, మండాలంటే 100 యాంపియర్ల పైచిలుకు కావాలి. వోల్టేజ్ మాత్రం ఆర్క్ వెలుగుతున్నప్పుడు 25 చాలు. మన ప్లగ్గులో దీనికి సరిగ్గా ఉల్టా, 230 వోల్టులు ఉంటాయి, యాంపియర్లు తక్కువ. ట్రాన్స్‌ఫార్మర్ ఈ రెండింటినీ తారుమారు చేస్తుంది. లోపల ఇనుప కోరు మీద రెండు తీగ చుట్టలు ఉంటాయి. ప్లగ్గు వైపు చుట్లు ఎక్కువ, హోల్డర్ వైపు చుట్లు తక్కువ, తీగ లావు. లెక్క వేస్తే 25 ఇంటూ 100, అంటే 2500 వాట్లు. మిషన్‌లో పోయే నష్టాలు దీనికి అదనం. ఫోన్ ఛార్జర్ పెట్టే సాకెట్‌లో దీన్ని గుచ్చితే సాకెట్ మాడిపోతుంది.

ఇక్కడ అసలు పాయింట్ వినండి. ఆ రెండు చుట్టలూ ఒకదానికొకటి తగలవు. లైన్ కరెంటు హోల్డర్ దాకా నేరుగా రాదు. ఉప్పు నీళ్ల బకెట్ చేసేది యాంపియర్లని అడ్డుకోవడం ఒక్కటే, లైన్‌ని మాత్రం విడదీయదు. ఆర్క్ ఆపి రాడ్డు మార్చేటప్పుడు హోల్డర్‌లో పూర్తి 230 వోల్టులు ఉంటాయి. తడి నేల మీద నిలబడి ముట్టుకుంటే ప్రాణమే పోతుంది. వీడియో తీసినవాడు బతికి అప్‌లోడ్ చేశాడు కాబట్టి మనకి కనిపించింది, అంతే.

అలాగని మంచి మిషన్ అంటే భయమే లేదనుకోకండి. ఆర్క్ లేనప్పుడు దాని హోల్డర్‌లో కూడా 60 నుంచి 80 వోల్టులు ఉంటాయి. చెమటకి తడిసిన గ్లౌజులతోనో, వానలోనో పనిచేస్తే అదీ ప్రమాదమే.

మిషన్ చేసే ఇంకో పని ఉంది. మనిషి చెయ్యి వణుకుతుంది, సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. దాంతో పాటు వోల్టేజ్ మారినా, యాంపియర్లు పెద్దగా మారకుండా ఉండేలా మిషన్‌ని డిజైన్ చేస్తారు. అందుకే రాడ్డు అతుక్కుపోయినా మిషన్ వెంటనే కాలిపోదు. అయినా అలాగే వదిలేయకుండా హోల్డర్ నుంచి రాడ్డుని విడిపించాలి.

భుజానికి తగిలించుకునే ఇన్వర్టర్ మిషన్ చేసేదీ ఇదే పని. అది ముందు ఏసీని డీసీ చేసి, ఎలక్ట్రానిక్ స్విచ్‌లతో సెకనుకి వేల సార్లు ఆన్ ఆఫ్ చేస్తుంది. ఆ వేగంలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది. బరువు తగ్గింది అందుకే.

చివరిగా కళ్లు. ఆర్క్ వెలుగులో కంటికి కనిపించని అల్ట్రావయొలెట్ కిరణాలు ఉంటాయి. అవి కంటి పైపొరని ఎండకి చర్మం కమిలినట్టు కాలుస్తాయి. చూసిన వెంటనే ఏమీ తెలియదు. కొన్ని గంటలయ్యాక, చాలాసార్లు అర్ధరాత్రి, కంట్లో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. కూలింగ్ గ్లాసులు దీనికి పనికిరావు. 100 యాంపియర్ల పనికి 10 నంబర్ షేడ్ అద్దం ఉన్న హెల్మెట్ వాడాలి. మంట వస్తే కళ్లు నలపకుండా, సొంత వైద్యం చేయకుండా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

రీల్ కోసం ఆర్క్‌ని షూట్ చేసేవాళ్లకి ఒక మాట. స్క్రీన్ మీద చూస్తే కళ్లకి ఏమీ కాదు నిజమే, కానీ ఫోన్ పక్క నుంచి కిరణాలు మొహం మీద పడుతూనే ఉంటాయి. పైగా కెమెరా సెన్సర్ కూడా దెబ్బతినొచ్చు.

వచ్చే ఎపిసోడ్‌లో 6013, 7018 రాడ్లకి తేడా ఏంటో చూద్దాం.