థార్ ఎడారిలో బట్టమేకపిట్ట

రాజస్థాన్ పశ్చిమాన జైసల్మేర్, బాడ్మేర్ జిల్లాల్లో 3,162 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించిన డెజర్ట్ నేషనల్ పార్క్ పేరుకు జాతీయ ఉద్యానమే అయినా, చట్టరీత్యా అది 1980లో ప్రకటితమైన వన్యప్రాణి అభయారణ్యం. ఊళ్లూ, మెట్టపొలాలూ, మేకల మందలూ దాని హద్దుల్లోపలే ఉన్నాయి. సందర్శకుల్లో ఎక్కువ మంది సమ్ గ్రామం దగ్గరి ఇసుక తిన్నెలూ ఒంటె సవారీలూ చూసి తిరిగి వెళ్లిపోతారుగాని, ఈ నేలకు ప్రాణమైనది ఇసుక కాదు, గడ్డి. మోకాలెత్తున దుబ్బులుగా పెరిగే సేవన్ గడ్డి, నడుమ జమ్మిచెట్లు, రేగుపొదలు ఉన్న మైదానాలే బట్టమేకపిట్టకు నివాసం.

రాజస్థానీలు గోడావణ్ అని పిలుచుకునే ఈ పక్షి మీటరు ఎత్తు పెరుగుతుంది. మగపిట్ట 15 కిలోల వరకు తూగుతుంది. ఎగరగలిగిన పక్షుల్లో ఇంత బరువైనవి కొన్నే. జతకట్టే కాలంలో మగపిట్ట తోకను వీపు మీదికి విరిచి, గొంతుకింది తిత్తిని గాలితో నింపి దాదాపు నేలకు తగిలేలా వేలాడదీసి, దూరానికి వినిపించే మంద్రస్వరంతో ఆడపిట్టను పిలుస్తుంది. ఆడపిట్ట సాధారణంగా ఏడాదికి ఒక్క గుడ్డే, అదీ గూడు కట్టకుండా నేల మీదే పెడుతుంది కనుక కుక్కలు, నక్కలు, పశువుల గిట్టలు అన్నీ దానికి గండాలే.

ఒకప్పుడు పంజాబు నుంచి తమిళనాడు దాకా తిరిగిన ఈ జాతి ఇప్పుడు సుమారు 150కి మించి లేదని అంచనా. వాటిలో అత్యధికం థార్‌లోనే ఉన్నాయి. పూర్వపు వేట ఒక కారణమైతే, పచ్చిక మైదానాలను రికార్డుల్లో బంజరుగా రాసుకుని సాగుకూ, గాలిమరలకూ, సౌరఫలకాలకూ పంచిపెట్టడం అంతకంటే పెద్ద కారణమనాలి. కళ్లు తలకు ఇరుపక్కలా ఉండటంతో ఎదురుగా ఉన్నది సరిగా కానరాని ఈ పిట్ట, కరెంటు తీగ దగ్గరపడ్డాక గాని గమనించదు, గమనించినా బరువైన ఒళ్లు చప్పున పక్కకు తిరగదు. తీగలను భూగర్భంలో వేయాలని 2021లో ఆదేశించిన సుప్రీంకోర్టు, 2024లో ఆ ఆదేశాన్ని సవరించి విషయాన్ని నిపుణుల సంఘానికి అప్పగించింది.

కర్నూలు ప్రాంతంలోని రోళ్లపాడును 1988లో ఈ పిట్ట కోసమే అభయారణ్యంగా ప్రకటించిన సంగతి తెలుగువారిలో చాలామంది మరిచారు. చుట్టూ సాగు మారడంతో అక్కడ పిట్ట దాదాపు కనుమరుగైంది.

థార్‌లో ఈ పిట్టను చూడదలచినవారు నవంబరు నుంచి మార్చి లోపల వెళ్లి, డెజర్ట్ నేషనల్ పార్కులోని సుదాసరి దగ్గర కంచెవేసి కాపాడుతున్న పచ్చికబయలులో దూరం నుంచే దుర్భిణితో వెదకాలి. జింకలు, రాబందులు, ఎడారి నక్కలు కనిపించే పూటల్లోనూ పిట్ట దొరకకపోవచ్చు. సమ్‌లోని సంతానోత్పత్తి కేంద్రంలో 2019 నుంచి బయటి నుంచి సేకరించిన గుడ్లను పొదిగిస్తున్నారు. 2024లో కృత్రిమ గర్భధారణతో పిల్ల పుట్టింది. మనుషుల చేతుల్లో పెరిగి మనుషులకే అలవాటుపడిన ఆ తొలితరాన్ని కేంద్రంలోనే ఉంచి, వాటి సంతానాన్ని బయలులోకి వదలాలన్నది శాస్త్రజ్ఞుల ఉద్దేశం.